అడవి అంటుకుని ఊరు విడిచాక: సముద్రం ఒడ్డు చుట్టాలింటికి పోయేముందు, పోయాక చేయాల్సిన పనులు

ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం వైపు ఉండేవాళ్లకు ఫిబ్రవరి నుంచి మే దాకా అడవిలో పొగ కనిపించడం కొత్త కాదు. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్ల కింద ఆకులు తగలబెడతారు. తునికి చిగురు బాగా రావాలని పొదలకు అగ్గి పెడతారు. దారిన పోయేవాళ్లు బీడీ ముక్క పారేస్తారు. మంట ఎక్కువగా నేల మీది ఎండుటాకుల్లోనే పాకి, చాలాసార్లు దానంతటదే చల్లారుతుంది. అందుకే మనం పెద్దగా పట్టించుకోం. గాలి తిరిగిన రోజు మాత్రం అది చేను గట్టు దాటి గడ్డివాము మీద పడుతుంది, గడ్డివాము నుంచి చూరుకు ఎక్కుతుంది. మా ఇల్లు అట్లాగే పోయింది. ఏప్రిల్ నెల, మధ్యాహ్నం రెండు దాటింది. ఆ తర్వాత యాభై రోజులు నేను, పిల్లలు, మా అత్తమ్మ చీరాల దగ్గర వాడరేవులో మా అక్క వాళ్లింట్లో ఉన్నాం.

ఇల్లు కాలిన దుఃఖంలో ఎవరైనా వెంటనే సొంతవాళ్ల దగ్గరికి పోవాలనుకుంటారు. పోవాలి కూడా. కానీ ఊళ్లో ముగించాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. అవి కాకముందే బస్సెక్కితే తర్వాత నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరగాలి. మాకు ఎవరూ చెప్పక నష్టపోయిన సంగతులు మీకు తెలియాలనే ఇదంతా రాస్తున్నాను.

1. ముందు మనుషులు, తర్వాత పశువులు, తర్వాతే పెట్టె

మంట ఊరి వైపు వస్తున్నదని తెలియగానే 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. ఇంట్లో పొయ్యి ఆర్పి, గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్ తిప్పి ఆపేయండి. సమయం ఉంటే సిలిండర్‌ను బయటికి, మంట రాని దిక్కుకు తీసుకుపోండి. బర్రెలు, మేకల తలుగులు విప్పేయండి. కట్టేసి ఉన్న పశువు ఎటూ పోలేదు, విప్పితే దాని దారి అది చూసుకుంటుంది. నైలాన్, పాలిస్టర్ బట్టలు కాలితే కరిగి ఒంటికి అంటుకుంటాయి. కాటన్ బట్టలు వేసుకుని, తడి తువ్వాలు ముక్కుకు కట్టుకోండి.

పారిపోయేటప్పుడు గుట్ట పైకి మాత్రం ఎక్కకండి. మంట దిగువకంటే ఎగువకే వేగంగా పోతుంది. చెరువు శిఖం, దున్నిన చేను, తారు రోడ్డు, ఇప్పటికే కాలి చల్లారిన జాగా, వీటిలో ఏది దగ్గరైతే అటు పోండి. మా ఊరివాళ్లమంతా ఎండిన కుంటలోకి దిగి కూర్చున్నాం. అక్కడ కాలడానికి ఏమీ లేదు, బతికిపోయాం.

ఎవరికైనా కాలితే ఆ చోట ఇరవై నిమిషాల పాటు మామూలు నీళ్లు ధారగా పోయండి. పసుపు, టూత్‌పేస్ట్, సిరా, నూనె ఏదీ పూయొద్దు. శుభ్రమైన బట్ట కప్పి 108కి ఫోన్ చేయండి. పొగ పీల్చినవాళ్లకు అప్పటికి బాగానే ఉన్నా కొన్ని గంటల తర్వాత ఆయాసం రావచ్చు. గొంతు బొంగురుపోయినా, ఉమ్మిలో మసి కనిపించినా, పిల్లల ఛాతీ ఎగిసిపడుతున్నా ఆలస్యం చేయకుండా ములుగు ఆసుపత్రికో వరంగల్ ఎంజీఎంకో పోవాలి. ఆస్తమా ఉన్నవాళ్లను, గర్భిణులను ఆ రాత్రి ఒంటరిగా పడుకోనివ్వకండి.

2. బూడిద ముట్టుకోకముందే ఫోటోలు, పంచనామా

ఇది అన్నిటికంటే పెద్ద పని. తెల్లారగానే మనకు ఆ బూడిదలో చేయి పెట్టి వెతకాలనిపిస్తుంది. ఆగండి. ముందు ఫోన్‌తో నాలుగు దిక్కుల నుంచీ ఇంటి ఫోటోలు తీయండి. గోడలు, కాలిన దూలాలు, వంట సామాను, బియ్యం డ్రమ్ము, పశువుల కొట్టం, ఒక్కటీ వదలొద్దు. ఫోన్ లేకపోతే పక్కింటి పిల్లల్ని పిలవండి. ఆ తర్వాత పంచాయతీ కార్యదర్శికి చెప్పి, తహసీల్దార్ ఆఫీసు నుంచి మనుషులు వచ్చి పంచనామా రాసేదాకా ఇంటిని కదపకండి. ఫైరింజన్ వచ్చి ఉంటే, వచ్చినట్టు ఫైర్ స్టేషన్ నుంచి సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. ఇంటికో బండికో ఇన్సూరెన్స్ ఉంటే పోలీస్ స్టేషన్‌లో కూడా దరఖాస్తు ఇచ్చి రసీదు తెచ్చుకోవాలి.

పంచనామా కాగితం మీద సంతకం పెట్టేముందు మీ ఇంటిని ఏమని రాశారో చదవండి. చదువు రాకపోతే చదివించుకోండి. ఎందుకంటే అగ్నిప్రమాదం కూడా విపత్తు సహాయ నిధి కిందికి వస్తుంది. 2022లో సవరించిన కేంద్రం నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా పోయిన ఇంటికి, అది పక్కాదైనా కచ్చాదైనా, 1,20,000 రూపాయలు. అదే గుడిసె అయితే 8,000. కొంత భాగమే పోతే పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. మాది మట్టిగోడల పెంకుటిల్లు, అంటే కచ్చా ఇల్లు, మా మామ కట్టింది. వచ్చినాయన దాన్ని గుడిసె అని రాసుకున్నారు. మా ఆయన ఆ తొందరలో సంతకం పెట్టేశారు. ఆ ఒక్క మాట మార్పించడానికి పాత ఇంటిపన్ను రసీదులు, ఒక పెళ్లి ఫోటోలో వెనక కనిపించిన మా ఇంటి గోడ పట్టుకుని ఎన్నిసార్లు తిరిగామో లెక్క లేదు. ఇంటిపన్ను రసీదు ఫోటో ఒకటి ఇవాళే మీ ఫోన్‌లో పెట్టుకోండి.

ఇల్లు పూర్తిగా పోయిన కుటుంబానికి బట్టలకు 2,500, వంట సామానుకు 2,500 అవే నిబంధనల్లో ఉన్నాయి. పాడి బర్రెకు, ఆవుకు 37,500, మేకకు, గొర్రెకు 4,000. పశువు చనిపోతే పాతిపెట్టకముందే పశువుల డాక్టరుకు చూపించి కాగితం రాయించుకోవాలి. ఇది తెలియక పాతిపెట్టినవాళ్లను చూశాను. బతికి ఉండి పొదుగు, గిట్టలు కాలిన పశువులకు 1962కి ఫోన్ చేస్తే వైద్యం బండి వస్తుంది.

3. బూడిద జల్లించడం

పంచనామా అయిపోయిన తర్వాత, నిప్పు పూర్తిగా ఆరిందని చూసుకుని వెతకండి. మా అత్తమ్మ బంగారు గుండ్లు దారం కాలిపోయి బూడిదలో చెల్లాచెదురయ్యాయి. ఆమె పిండి జల్లెడ అడిగి తెచ్చుకుని, రేకు పెట్టె ఉన్న మూల కూర్చుని, చాటెడు చాటెడు ఎత్తి రెండు గంటలు జల్లించింది. పదకొండింటిలో తొమ్మిది దొరికాయి. నల్లబడి మిరియాల్లా ఉన్నాయి. కొంగుతో తుడుస్తుంటే పసుపు రంగు బయటపడింది. జల్లించేటప్పుడు ముక్కుకు తడిబట్ట కట్టుకోండి, చెప్పులు వదలకండి, మేకులుంటాయి.

నోట్లు కాలి ఉంటే చేత్తో విడదీయకండి. బాగా మాడిపోయి పెళుసెక్కిన నోట్లను మామూలు బ్యాంకు కౌంటర్‌లో తీసుకోరు, రిజర్వ్ బ్యాంకు ఆఫీసులో ఇవ్వాలి. మనకు దగ్గరిది హైదరాబాద్‌లోదే. అట్టముక్క కింద దూర్చి కట్టను కట్టగానే లేపి, స్టీల్ టిఫిన్ డబ్బాలో దూది పరిచి దాచండి. ఎంత ఇవ్వాలన్నది మిగిలిన ముక్కను బట్టి ఉంటుంది కాబట్టి ఒక్క తునక కూడా పారేయొద్దు.

కాగితాల గురించి మరీ టెన్షన్ పడకండి. ఆధార్‌ను నంబరుతో మళ్లీ తీసుకోవచ్చు, నంబరు గుర్తులేకపోతే 1947కి ఫోన్ చేయాలి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవలో, డ్రైవింగ్ లైసెన్స్, బండి ఆర్సీ డిజిలాకర్‌లో దొరుకుతాయి. పట్టా భూమి వివరాలు ప్రభుత్వ భూ రికార్డుల పోర్టల్ భూభారతిలో ఉంటాయి. పోడు భూమి పట్టా కాలితే ఏటూరునాగారం ఐటీడీఏలో (గిరిజనాభివృద్ధి సంస్థ ఆఫీసులో) దరఖాస్తు పెట్టుకుని, ఆ దరఖాస్తు రసీదు దగ్గరుంచుకోండి.

4. ఎవరు పోవాలి, ఎవరు ఉండాలి

ఇంటిల్లిపాదీ పోవద్దని నా మాట. ఒక పెద్దమనిషి ఊళ్లో ఉండాలి. ఆఫీసువాళ్లు ఎప్పుడు వస్తారో తెలియదు, మిగిలిన పశువులను చూసుకోవాలి, కాలిన ఇంటి పెంకులు, తలుపు చెక్కలు కూడా మాయమవుతుంటాయి. మా ఆయన బడిలో పడుకుంటూ ఊళ్లోనే ఉన్నారు. నేను ముసలామెను, ఇద్దరు పిల్లలను తీసుకుని బయలుదేరాను. పొగకు మా చిన్నోడికి రాత్రంతా దగ్గు ఆగలేదు. ఆ గాలికి వాణ్ని దూరం చేయడమే నాకు ముఖ్యం అనిపించింది.

5. ఫోన్‌లో ఏం చెప్పాలి

"ఇల్లు కాలింది" అని మాత్రం చెప్పి ఏడిస్తే అవతలివాళ్లు "వెంటనే వచ్చేయండి" అంటారు. అది ప్రేమతో అనే మాటే. కానీ ఎంతమంది వస్తున్నారో, ఎన్నాళ్లుంటారో వాళ్లు అడగలేరు. అడిగితే బాగుండదని ఊరుకుంటారు. అందుకే మనమే చెప్పాలి. నేను అక్కతో ఇట్లా అన్నాను: "అక్కా, అందరం పాణాలతోని ఉన్నం. నేను, పిల్లలిద్దరు, అత్తమ్మ, నలుగురం వస్తం. బడులు తెరిచే లోపల మళ్ల పోతం. బియ్యం నేనే తెచ్చుకుంట. బావను అడిగి రేపు పొద్దున చెప్పు." ఒక రాత్రి సమయం ఇవ్వడం వల్ల వాళ్లిద్దరూ కూర్చుని మాట్లాడుకోగలిగారు. పొద్దున బావే ఫోన్ చేసి "ఏ బండికొస్తున్నావమ్మా, స్టేషన్‌కొస్తాను" అన్నాడు.

ఇంకో సంగతి మన వైపు చాలామందికి తెలియదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లతో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి బోట్లు ఒడ్డునే కట్టేస్తారు. మన అడవులు అంటుకునే రోజులూ, వాళ్ల సంపాదన ఆగిపోయే రోజులూ ఒకటే. మా బావది రేవులో ఐస్ అమ్మే పని. వేట లేకపోతే ఐస్ ఎవరు కొంటారు? మీ చుట్టాలకు చేపలు, రొయ్యలు, ఐస్, వలలు, ఏ పని ఉన్నా ఇది గుర్తుపెట్టుకునే ఫోన్ చేయండి.

6. ప్రయాణం

వరంగల్ నుంచి విజయవాడకు రైలులో సుమారు మూడు గంటలు, అక్కణ్ణుంచి చీరాలకు మరో గంటన్నర. బాపట్ల, చీరాల, ఒంగోలు వైపుకు చెన్నై దారిలో పోయే రైళ్లు, కాకినాడ, విశాఖ వైపుకు గౌతమి, గోదావరి లాంటివి వరంగల్‌లో దొరుకుతాయి. ముసలివాళ్లు, దగ్గు ఉన్న పిల్లలు వెంట ఉంటే బస్సుకంటే రైలే నయం.

ఆడవాళ్లకు ఒక మాట. మన మహాలక్ష్మి ఉచిత ప్రయాణం పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో, తెలంగాణ సరిహద్దు దాకానే. ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఉన్న స్త్రీశక్తి ఉచిత ప్రయాణం అక్కడి గుర్తింపు కార్డు ఉన్నవాళ్లకే. కాబట్టి సరిహద్దు దాటాక చార్జీ డబ్బులు ఉంచుకోవాలి. ఇటు జీరో టికెట్ ఇవ్వాలన్నా గుర్తింపు కార్డు చూపించాలి. కార్డు కాలిపోయి ఉంటే ముందే మీసేవలో ఆధార్ ప్రింటు తీసుకోండి.

బయలుదేరే ముందు తలస్నానం చేసి, కొత్తవో అడిగి తెచ్చినవో బట్టలు కట్టుకోండి. మసి వాసన ఎంత ఉతికినా పోదు. నేను నా చీర ఒకటి ఉతికి తీసుకుపోయాను. అక్కడ దండెం మీద ఆరేస్తే మా చిన్నోడు దాని దగ్గరికి పోకుండా ఏడ్చాడు. ఆ వాసనకే వాడికి మంట గుర్తొచ్చింది.

7. చేరిన మొదటి వారం

మొదటి మూడు రోజులు మనల్ని పని చేయనివ్వరు. నాలుగో రోజు నుంచి వాళ్లు చెప్పకముందే పని అందుకోండి. నేను పొద్దున వాకిలి, అంట్లు తీసుకున్నాను. వంట మాత్రం అక్కదే. ఆమె పొయ్యి ముందు ఆమెకు అడ్డం పోకూడదు. వారానికి రెండు రోజులు అడిగి జొన్నరొట్టెలు చేసేదాన్ని.

డబ్బు మాట దాచకండి. తీరంలో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, తాగే నీళ్లు క్యాన్లలో కొంటారు. నలుగురు పెరిగితే నీళ్ల ఖర్చే రెండింతలవుతుంది. అక్క చేతిలో డబ్బు పెడితే తీసుకోదు. నేను నీళ్ల క్యాన్లబ్బాయికి, పాలామెకు నేరుగా ఇచ్చేదాన్ని. సిలిండర్ వచ్చిన రోజు నేనే ముందు పోయి డబ్బు కట్టేశాను.

బియ్యానికి మన రేషన్ కార్డు అక్కడా పనిచేస్తుంది. ఒకే దేశం ఒకే రేషన్ కింద 2019లో మొదట కలిపింది మన రెండు తెలుగు రాష్ట్రాలనే, గుజరాత్, మహారాష్ట్రలతో పాటు. జాతీయ ఆహార భద్రత కార్డు అయితే మనిషికి 5 కిలోలు, వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. కార్డు కాగితం లేకపోయినా నంబరు, ఆధార్ చాలు. అందరి వాటా అక్కడే తీసుకోవాలని లేదు. ఊళ్లో ఉన్నాయన వాటా ఊళ్లోనే తీసుకోవచ్చు. ఇబ్బంది వస్తే 14445కు ఫోన్ చేయండి.

బీపీ, షుగర్ మందులు కాలిపోయి ఉంటాయి, ఆ సంగతి ముసలివాళ్లు చెప్పరు. మా అత్తమ్మ నాలుగు రోజులు మాత్ర లేకుండా ఉందని అక్కడికి పోయాకే తెలిసింది. దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో చూపిస్తే మందులిచ్చారు. సముద్రం గాలి చల్లగా ఉంటుందనుకుంటాం కానీ మే నెలలో అక్కడ ఉక్కపోత ఎక్కువ. మన దగ్గరి ఎండ కాలుస్తుంది, అక్కడిది చెమట రూపంలో నీరసం తెస్తుంది. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లో మజ్జిగో ఇస్తూ ఉండాలి.

8. పిల్లలూ సముద్రమూ

దీనికి ఎంత చెప్పినా తక్కువే. మన పిల్లలకు చెరువులో ఈత వచ్చు. ఆ ధైర్యంతోనే సముద్రంలోకి దిగుతారు. చెరువు నీళ్లు లాగవు, సముద్రం లాగుతుంది. ఒడ్డున మోకాళ్ల లోతులో ఉన్నా వెనక్కి పోయే అల కాళ్ల కింద ఇసుకను తీసేస్తుంది. అలలు విరగకుండా నీళ్లు ప్రశాంతంగా కనిపించే చోటే ఒక్కోసారి లోపలికి లాగే ప్రవాహం ఉంటుంది. పిల్లలు సరిగ్గా అక్కడే దిగుతారు. వాడరేవు, సూర్యలంక లాంటి చోట్ల ఈత బాగా వచ్చినవాళ్లే పోయిన సంగతులున్నాయి. మొదటి రోజే బావ మా పిల్లలను ఒడ్డుకు తీసుకుపోయి, కర్రతో ఇసుకలో గీత గీసి, పెద్దవాళ్లు లేకుండా ఈ గీత దాటొద్దని చెప్పాడు. ఎవరైనా కొట్టుకుపోతుంటే ఒడ్డు వైపు ఎదురీదకుండా ఒడ్డుకు సమాంతరంగా ఈది బయటపడాలి.

మే నెలలో తుపాన్లు కూడా వస్తాయి. 2010 మే 20న లైలా తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. మిగిలిన కాగితాలు, పంచనామా నకలు నీళ్లు పోని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, ఎత్తుగా ఉన్న చోట ఉంచండి. హెచ్చరిక వస్తే మనం వాళ్ల మీద ఆధారపడకుండా వాళ్లతో పాటు కదిలేలా సంచీ సర్ది ఉంచుకోవాలి.

9. బడి

మన దగ్గర బడులు మామూలుగా జూన్ 12న తెరుస్తారు. అప్పటికి ఇల్లు లేవకపోతే పిల్లలను అక్కడే చేర్చాల్సి రావచ్చు. టీసీ లేదని, ఆలస్యమైందని ప్రభుత్వ బడిలో చేర్చుకోకపోవడం కుదరదు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు 2009 విద్యాహక్కు చట్టం ఆ రక్షణ ఇచ్చింది. వయసు రుజువు లేదని కూడా ఆపకూడదు. మా పెద్దదాన్ని చేర్చనవసరం రాలేదు కానీ, ఈ మాట తెలిసి ఉండడం వల్ల నాకు నిద్ర పట్టింది.

10. తిరిగి వచ్చేటప్పుడు

మృగశిర కార్తెకు ముందే ఊరు చేరండి. వాన పడితే మట్టిగోడలు కరుగుతాయి, పత్తి గింజ పెట్టే పనులు మొదలవుతాయి. మా ఆయన అప్పటికి రేకులతో ఒక అర్ర నిలబెట్టారు. ఇందిరమ్మ ఇంటికి దరఖాస్తు పెట్టేటప్పుడు పంచనామా నకలు, కాలిన ఇంటి ఫోటోలు జతచేయండి. మళ్లీ కట్టేటప్పుడు గడ్డివామును ఇంటికి దూరంగా, గాలి వచ్చే దిక్కున కాకుండా వేసుకోండి. ఫిబ్రవరి రాగానే ఇంటి చుట్టూ ముప్పై అడుగుల దాకా ఆకులు ఊడ్చి శుభ్రంగా ఉంచండి.

బయలుదేరే రోజు ఒక పని చేశాం. మా ఆధార్లు, పంచనామా, పట్టా వివరాల జిరాక్సులు ఒక కవర్‌లో పెట్టి అక్క బీరువాలో ఉంచాను. అక్క కూడా వాళ్ల ఇంటి కాగితాలు, పిల్లల సర్టిఫికెట్ల జిరాక్సులు ఒక కవర్‌లో పెట్టి నా సంచీలో వేసింది. అవి ఇప్పుడు మా రేకుల అర్రలో, కొత్తగా కొన్న ఇనప పెట్టెలో ఉన్నాయి.